సర్వేలో సగం మంది పేదలే వస్తున్నారంటే: సొంత గింజలకు విలువ కట్టారా?

వికారాబాద్ పల్లెల్లో ఇళ్ల ఖర్చు మీద మీరు చేసిన సర్వేలో సగానికి పైగా జనం పేదరిక రేఖ కింద తేలారు, ఎందుకని అడిగారు. మీరు నగదు ఖర్చే లెక్కేసినట్టున్నారు. ఎక్కువగా అదే కారణం. రేఖ విషయంలో తప్పు లేదు: ఉమ్మడి రాష్ట్ర గ్రామాలకు 2011-12లో తెండూల్కర్ పద్ధతిన (పేదరిక రేఖ లెక్కకు ఆ పేరుతో ఉన్న కమిటీ ఇచ్చింది) వచ్చిన నెలకు తలసరి రూ.860ని ధరల సూచీతో పెంచారు, సరే.

1. చాలామంది వదిలేసేది ఇది. ఇంట్లో పండిన బియ్యం, జొన్నలు, ఇంటి పాలు, పెరటి కూరలు కొనలేదు కదా అని సున్నా రాస్తారు. ఇంట్లో తిన్నంత వరకు తీసుకుని పొలం దగ్గరి ధర కట్టండి. మెహదీపట్నం రైతుబజార్ ధర కడితే లెక్క రెండో వైపు తప్పి పేదలు తక్కువగా తేలతారు. అమ్ముకున్నది కలపొద్దు. కూలీగా వచ్చిన గింజలకు ఊళ్లో దుకాణం ధర.

"నెలకు ఎంత ఖర్చు?" అంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు (మన ఇళ్లలోనూ అంతే). "నెలకు ఎన్ని కిలోలు వండుతారు, అందులో కొన్నవెన్ని?" అనడగండి. సర్వే అయిపోయినా టెన్షన్ వద్దు, ఈ ఒక్క ప్రశ్నకు మళ్లీ ఫోన్ చేస్తే చాలు.

2. ఉచిత రేషన్ బియ్యం కలిపి ఒక ఫలితం, కలపకుండా ఒకటి ఇవ్వండి. 2022-23 జాతీయ వినియోగ సర్వే అలాగే ఇచ్చింది: గ్రామాల్లో నెలకు తలసరి సగటు ఖర్చు ఉచిత సరుకులు కలిపితే రూ.3,860, కలపకపోతే రూ.3,773.

3. బట్టలు, చెప్పులు, చదువు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు, ఇంటి సామాన్లు ఏడాదికి అడిగి 12తో భాగించండి.

4. పేదల శాతం ఇళ్లను లెక్కేసి కాదు, మనుషులను లెక్కేసి తీయండి.