తాతయ్య రేడియో విప్పే ముందు

చిరంజీవి అమ్మడికి,

కావలి నుంచి పెదనాన్న ఆశీస్సులు.

అటక మీది తాతయ్య గాజు వాల్వుల రేడియోను దించావని, నువ్వే బాగుచేస్తానని పంతం పట్టావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. "మన ఇంట్లో ఇంకొకరికి పట్టింది ఈ పిచ్చి" అని మీ పెద్దమ్మతో నవ్వుతూ అన్నాను. రాత్రి పన్నెండింటికి మాత్రం ఉలిక్కిపడి లేచాను, నువ్వు ప్లగ్గు పెట్టేస్తావేమోనని.

పెట్టకు.

దుమ్మును మెత్తటి బ్రష్షుతో దులుపు, తడిగుడ్డ వద్దు. డయలు దారం ఎటునుంచి ఎటు తిరిగిందో ముందే ఫొటో తీసుకో. వాల్యూము గరగరమంటే రెండు చుక్కల క్లీనరు చాలు. రేకు డబ్బాల్లో ఉండే ఐఎఫ్ కాయిళ్ల (స్టేషన్లను విడదీసే తీగచుట్టల) మరలను ముట్టుకోకు. వదులుగా ఉన్నాయి కదా అని బిగించిన ప్రతివాడూ స్టేషన్లు పోగొట్టుకుని నా దగ్గరికే వచ్చాడు.

ఇక ప్లగ్గు సంగతి. అది 1973. ట్రంకు రోడ్డులో మా గురువుగారి కొట్టులో చేరి రెండేళ్లయింది. అన్నీ వచ్చేశాయనుకునే వయసు. తుమ్మలపెంట నుంచి రిటైరైన బడిపంతులు ఒకాయన, దుప్పటిలో చుట్టిన రేడియోను సైకిలు క్యారియర్‌కు కట్టుకుని వచ్చారు. ఏడేళ్లుగా మూలన ఉందట. గురువుగారు "నేను వచ్చేదాకా ఆగు" అని చెప్పి భోజనానికి వెళ్లారు. పెద్దాయన ముందు గొప్ప చూపించుకోవాలి కదా, నేను ఆగలేదు. నేరుగా 230 వోల్టుల ప్లగ్గులో పెట్టాను.

అర నిమిషానికి వాల్వులు ఎర్రబడ్డాయి. డయలు పక్కన పచ్చకన్ను వెలిగింది. గుయ్యిమని ఒక చప్పుడు, దాని వెనక నాదస్వరం. పెద్దాయన కండువాతో కళ్లు తుడుచుకున్నారు. నేను వాల్యూము పెంచాను! కరెంటును నిల్వచేసి నిలకడగా పంపే ఫిల్టరు కండెన్సరు పాడైతే వచ్చేదే ఆ గుయ్యిమనే చప్పుడు. దాన్ని వినాల్సినవాణ్ణి, నాదస్వరం వింటూ కూర్చున్నాను.

రెండు నిమిషాలకు మైనం కాలిన వాసన. వెనక నుంచి నల్లటి తారు బొట్లు బొట్లుగా బల్ల మీదికి కారింది. పచ్చకన్ను మూతపడింది. ఏళ్ల తరబడి కరెంటు చూడని కండెన్సరు షార్టయి, ఆ బరువంతా ట్రాన్స్‌ఫార్మర్ మీద పడింది. ఫ్యూజు ఎందుకు పోలేదంటావా? ఎవరో మహానుభావుడు దాని స్థానంలో లావుపాటి రాగి తీగ చుట్టి పెట్టాడు. చూసుకోకుండా ప్లగ్గు పెట్టింది నేను.

గురువుగారు గుమ్మంలోనే వాసన పట్టారు. తిట్టలేదు. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఊడదీసి నా ఒళ్లో పెట్టి "చుట్లు లెక్కపెడుతూ విప్పు" అన్నారు. వెంట్రుకంత తీగ, అదీ మాడి అతుక్కుపోయింది. లెక్క తప్పకుండా వందకొక చింతగింజ పక్కన పెట్టుకున్నాను. ముప్పైరెండు గింజలయ్యాయి. మళ్లీ చుట్టి, పోయిన వాల్వు కోసం మద్రాసు మూర్ మార్కెట్‌కు వెళ్లాను. (సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉండేది, 1985లో కాలిపోయింది. నీకిప్పుడు రిచీ స్ట్రీటే గతి.) ఇరవై రోజులకు సెట్టును తుమ్మలపెంట తీసుకెళితే, పంతులుగారి అరుగు మీద కొత్త ట్రాన్సిస్టర్ పాడుతోంది. "అటక మీద పెట్టు నాయనా" అని మజ్జిగ ఇప్పించారు. ఆ మజ్జిగ నాకు గొంతు దిగలేదు.

అందుకే మొదటిసారి సిరీస్ బల్బుతోనే, అంటే సెట్టుకు వెళ్లే తీగ మధ్యలో ఒక బల్బు కలిపి, కరెంటు ఇవ్వు. ఎల్‌ఈడీ పనికిరాదు, లోపల తీగ ఉండే 60 వాట్ల పాత బల్బే కావాలి. ఒకసారి వెలిగి మసకబారితే సరే. భగ్గున వెలుగుతూనే ఉంటే లోపల షార్టున్నట్టు, వెంటనే తీసెయ్. అంతకంటే ముందు మైనం పూసిన కాగితపు కండెన్సర్లన్నీ మార్చు.

ప్లగ్గు తీసేశాక కూడా ఫిల్టరు కండెన్సరులో 250, 300 వోల్టులు దాక్కుని ఉంటాయి. పది కిలోఓముల, ఐదు వాట్ల రెసిస్టరును ప్లాస్టిక్ పిడి పటకారుతో పట్టుకుని కండెన్సరు రెండు కొసలకూ ఐదు సెకన్లు ఆనించు, మీటరుతో చూసుకున్నాకే చేయి పెట్టు. కరెంటు ఉండగా చూడాల్సి వస్తే ఎడమ చేయి వెనక్కి పెట్టుకో. గచ్చు మీద ఉత్త కాళ్లతో తిరిగే నీ అలవాటు నాకు తెలియనిది కాదు, రబ్బరు చెప్పులు వేసుకో. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అసలు విప్పకు. తాతయ్య సెట్టు వాల్వుల పేర్లు 'ఈ'తో మొదలవుతాయి. రేపు ఇంకొకటి కొనకుండా ఉండవు కదా, దానిలో 'యు'తో మొదలైతే అది ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్టు, భాగాలన్నీ బిగించిన చాసిస్ రేకుకే కరెంటు ఉండవచ్చు. అలాంటిది నాకు చెప్పకుండా ముట్టుకుంటే ఊరుకోను.

ఒకటి నువ్వు అడగలేదు, మర్యాదకు. ముప్పై ఏళ్లు కొట్టు నడిపినవాడు సొంత నాన్న రేడియోను ఎందుకు బాగుచేయలేదని. తాతయ్య రెండుసార్లు అడిగారు. "వాల్వు దొరకడం లేదు నాన్నా" అన్నాను. అప్పటికి నా బీరువాలో రెండున్నాయి. ఆ సెట్టు ముందు కూర్చుంటే చాలు, తారు వాసన వచ్చేది నాకు.

ఆదివారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాను. ఆ వాల్వులూ, దాచిన 60 వాట్ల బల్బులూ పాత చీరగుడ్డలో చుట్టి తెస్తాను. విప్పేది నువ్వే. నాకొక స్టూలు వెయ్యి చాలు.

మీ పెదనాన్న