పాత పికప్‌కి ఉన్నదంతా పెట్టేస్తే రిపేరుకు ఏం పెడతారు?

ప్రశ్న: నా వయసు 36. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి రోజూ కూరగాయలు తెచ్చి కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ వైపు హాస్టళ్లకు వేస్తుంటాను. రోజుకు ఐదారు క్వింటాళ్ల సరుకు. కిరాయి బండికి డ్రైవరు, డీజిల్‌తో కలిపి రోజుకు రూ.1,100 ఇస్తున్నాను. అందుకే సొంత బండి కొందామనుకుంటున్నాను. ఒక ఆటో కన్సల్టెన్సీలో 2017 మోడల్ బొలెరో పికప్ చూశాను. రూ.4.60 లక్షలు చెబుతున్నారు. ఆంధ్రా నంబరు, మొదట భీమవరంలో తిరిగిందట. తెలిసిన మెకానిక్ చూసి ‘కింద కొంచెం తుప్పు, ఇంజిన్ దగ్గర కాస్త ఆయిల్ చెమ్మ ఉన్నాయి, పాత బండికి ఇవి మామూలే’ అన్నాడు. బ్యాంకులో రూ.2 లక్షలు, ఈ మధ్య ఎత్తిన చిట్టీ డబ్బు రూ.1.10 లక్షలు ఉన్నాయి. మా ఆవిడ బంగారం మీద లక్ష, తెలిసిన ఫైనాన్స్ ఆయన దగ్గర మూడు రూపాయల వడ్డీకి 50 వేలు తెస్తే సరిపోతుంది. ఇంటి ఖర్చు నెలకు రూ.25 వేలు. ఇద్దరు పిల్లలు, అమ్మ మా దగ్గరే ఉంటారు. ఆదివారంలోగా బయానా ఇవ్వమంటున్నారు. బంగారం మీదే మొత్తం తీసుకోనా, కొంత ఫైనాన్స్‌లో తీసుకోనా? – ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అప్పు ఎక్కడ తేవాలని అడిగారు. మీ లెక్కలో అంతకంటే పెద్ద లోటు ఒకటి ఉంది. 3.10 లక్షలు, లక్ష, 50 వేలు కలిపితే సరిగ్గా 4.60 లక్షలు. అంటే తాళంచెవి చేతికొచ్చిన రోజు మీ దగ్గర రూపాయి కూడా మిగలదు. తొమ్మిదో ఏట నడుస్తున్న బండి, కింద తుప్పు, ఇంజిన్ దగ్గర చెమ్మ, జేబులో సున్నా. పాత బండ్ల గురించి నాకు వచ్చే ఉత్తరాల్లో చాలావరకు ఇదే తంతు. బండి ధర ఎంతో అంత డబ్బు సర్దుకుంటారు, ఆ తర్వాత ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ లెక్క వేసుకోరు.

మీ మెకానిక్ చెప్పిన రెండు మాటలూ మీకు ధైర్యం ఇచ్చినట్టున్నాయి. నాకు మాత్రం అవి బిల్లుల్లాగే కనిపిస్తున్నాయి. పైగా ఆ బిల్లులు ఇన్సూరెన్స్ కంపెనీ కట్టదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా సరే, అరుగుదలకూ, తుప్పుకూ, యంత్రం దానంతట అది చెడిపోవడానికీ క్లెయిమ్ రాదు. యాక్సిడెంట్ అయితే వస్తుంది, దొంగతనం జరిగితే వస్తుంది. ఆయిల్ సీల్ పోయి క్లచ్ ప్లేటు నానిపోతే రాదు. దానికి పనికొచ్చేది మీ దగ్గరున్న నగదు ఒక్కటే. మీరు ఆ నగదు మొత్తం కన్సల్టెన్సీవాళ్ల చేతిలో పెట్టబోతున్నారు.

‘కొంచెం తుప్పు’ అంటే ఎక్కడ? ట్రాలీ రేకు మీదా, తలుపు అంచులోనా అయితే నాకేం టెన్షన్ లేదు, వెల్డింగ్ షాపులో తేలిపోతుంది. ఛాసిస్ మీద అయితే అది వేరే సంగతి. పికప్‌లో బరువంతా మోసేది కింద పొడవుగా ఉండే ఆ రెండు దూలాలే. కమాన్ పట్టీలు ఛాసిస్‌కు బిగించే చోట, అడ్డ కమ్మీల అతుకుల దగ్గర, ట్రాలీ బోల్టుల చుట్టూ చూడాలి. ఎర్రగా పైపైన రంగు మారి ఉంటే ఫర్వాలేదు. పొరలు పొరలుగా లేచి, స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే పెచ్చులు రాలుతుంటే మాత్రం ఎంత తగ్గించినా ఆ బండి వద్దు. చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి, ఖంగుమని మోగాల్సిన చోట డొల్లగా వినిపిస్తే అక్కడే ఆగిపోండి. బండి అడుగంతా కొత్తగా నల్ల పెయింటు కొట్టి ఉంటే సంతోషించకండి. అమ్మే ముందు అడుగున పెయింటు వేయించారంటే ఎందుకు వేయించారో అడగండి. ఛాసిస్ మీద అతుకు వేసిన వెల్డింగ్ గుర్తులున్నాయా, ఛాసిస్ నంబరు తుప్పులో చెరిగిపోకుండా ఆర్సీతో సరిపోతోందా అనేది కూడా అప్పుడే చూసుకోవాలి. నంబరు చదవడానికి రాకపోతే ఫిట్‌నెస్ దగ్గర మీరే తిప్పలు పడాలి.

భీమవరం అన్నారు కాబట్టి ఇంకో మాట. ఆ ప్రాంతంలో పికప్‌ల మీద చేపలు, రొయ్యలు ఐసుతో వెళ్తుంటాయి. అలాంటి లోడ్లు వేసిన బండి అయితే ఐసు కరిగిన నీళ్లు ట్రాలీ సందుల్లోంచి ఛాసిస్ మీదికి కారుతూనే ఉంటాయి. కూరగాయలు మోసిన బండికీ దీనికీ తుప్పులో పోలికే ఉండదు. ట్రాలీలో పరిచిన రబ్బరు మ్యాటు ఎత్తించి చూడండి, క్యాబిన్‌లో కాళ్ల కింది మ్యాటు కూడా తీయించండి. సీటు కింద బోల్టులు తుప్పు పట్టి, మూలల్లో సన్నటి ఒండ్రు మట్టి పేరుకుని ఉంటే అది వరదలో మునిగిన బండి కావచ్చు. 2020 అక్టోబరులో మన హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని బండ్లు నీళ్లలో నిలబడ్డాయో మీకు తెలుసు. వాటిలో చాలా బండ్లు తుడిచి, పాలిష్ పట్టి మళ్లీ అమ్మకానికి వచ్చి ఉంటాయి.

ఇక చెమ్మ. చూడటానికి వెళ్లే ముందు ఇంజిన్ కడగొద్దని, వాటర్ సర్వీసింగ్ చేయించొద్దని గట్టిగా చెప్పండి. తళతళలాడే ఇంజిన్‌లో లీకేజీ కనిపించదు. వీలైతే బండి రాత్రంతా ఒకచోట నిలిపి, ఇంజిన్ కింద, గేర్‌బాక్స్ కింద, వెనక చక్రాల మధ్య ఉండే హౌసింగ్ కింద అట్టముక్కలు పరిపించండి. పొద్దున నల్లటి చుక్కలుంటే ఇంజిన్ ఆయిల్, ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో తడి ఉంటే కూలెంట్. పైనున్న ట్యాపెట్ కవర్ దగ్గర చెమ్మ అయితే ప్యాకింగ్ మారిస్తే పోతుంది. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య అతుకులోంచి కారుతుంటే అక్కడి సీల్ చవకే గానీ, దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. చక్రాల లోపలి వైపు తడిగా ఉందంటే హబ్ సీల్ అయినా పోయుండాలి, బ్రేక్ ఆయిల్ అయినా కారుతుండాలి. అది డబ్బు విషయం కూడా కాదు, ప్రాణం విషయం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మీ ఎదురుగా స్టార్ట్ చేయించండి. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గుప్పుగుప్పుమని వస్తుంటే బ్యాక్ కంప్రెషన్ ఉన్నట్టు, అంటే ఇంజిన్ లోపల అరిగిపోయి బోర్‌కు వచ్చింది. మూత అడుగున మీగడలాంటి జిడ్డు ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమో అనుమానించాలి. ఈ రెండిట్లో ఏదైనా ఖర్చు యాభై వేలు దాటడం వింతేమీ కాదు. అప్పుడు మీరు ఎవరి దగ్గరికి వెళ్తారు? మళ్లీ ఆ మూడు రూపాయల వడ్డీ ఆయన దగ్గరికే.

ఆ వడ్డీ సంగతి. నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. 50 వేలకు నెలనెలా 1,500, ఏడాదికి 18 వేలు. అసలు అక్కడే ఉంటుంది. తెలిసినాయన కాబట్టి కాగితాలు అడగడని మీకు సులువుగా కనిపిస్తోంది, రెండు నెలలు ఆలస్యమైతే ఆ పరిచయం ఎంత పనికొస్తుందో చూస్తారు. పాత బండి కోసం ఈ అప్పు చేయడానికి నేను ఏ లెక్కనా ఒప్పుకోను. ఇంకో అప్పు మీకు తెలియకుండానే మీ నెత్తిన ఉంది. చిట్టీ ఎత్తారు కాబట్టి అది పొదుపు కాదు, మిగిలిన వాయిదాలన్నీ మీరు కట్టాల్సిందే. బంగారం మీద లక్ష వరకు ఫర్వాలేదు, బ్యాంకులోనే పెట్టండి, అంతకు మించొద్దు.

మీరు బండి కొనొద్దని నేననడం లేదు. రోజుకు 1,100 చొప్పున నెలకు 26 రోజులకు 28,600 పోతున్నాయి. సొంత బండికి డీజిల్ రోజుకు మూడొందలనుకుంటే నెలకు 7,800. టైర్లు, సర్వీసింగ్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ కోసం నెలకు ఏడు వేలు పక్కన పెట్టండి. ఎనిమిదేళ్లు దాటిన బండి కాబట్టి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. అన్నీ పోను నెలకు 13,800 మిగులుతుంది. అది మంచి మిగులే, బండి రోడ్డు మీద ఉన్నన్ని రోజులు. పది రోజులు షెడ్డులో పడితే కిరాయి బండికి మళ్లీ 11 వేలు, రిపేరు ఖర్చు దానికి అదనం. హాస్టళ్లవాళ్లు మీ బండి బాగయ్యే దాకా ఆగరు కదా.

అందుకే లెక్కను వెనక నుంచి మొదలుపెట్టండి. మూడు నెలల ఇంటి ఖర్చు 75 వేలు ముందు పక్కకు తీయండి. బండి రిపేరు కోసం మాత్రమే 40 వేలు వేరే ఖాతాలో వేయండి. ఈ 1.15 లక్షలు లేనట్టే లెక్క. మిగిలిన 1.95 లక్షలకు బంగారం లక్ష కలిపితే 2.95 లక్షలు. ఇందులోనే ఎన్ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదని ఆర్టీఏ ఇచ్చే పత్రం), పేరు మార్పు, ఇన్సూరెన్స్, కొన్న వెంటనే చేయించాల్సిన పనులు అన్నీ రావాలి. వాటికి 45 వేలు తీస్తే బండికి మీరు పెట్టగలిగింది 2.50 లక్షలు. ఆ ధరకు ఈ పికప్ రాదు, నాకు తెలుసు. కానీ ఆరు క్వింటాళ్లు దాటని సరుకుకు బొలెరోనే ఎందుకు? టాటా ఏస్‌లాంటి చిన్న బండి చాలు, కేపీహెచ్‌బీ సందుల్లో తిప్పుకోవడమూ తేలిక. లేదంటే ఇంకో ఎనిమిది నెలలు కిరాయి బండితోనే నడిపి డబ్బు కూడబెట్టండి. కొత్త బండికి బ్యాంకు లోను అనే దారి కూడా ఉంది గానీ, ఐటీ రిటర్నులు లేకుండా మంచి వడ్డీకి దొరకడం కష్టం.

ఏ బండి కొన్నా సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు చేతిలో పెట్టి ‘తర్వాత మార్పించుకోండి’ అంటే ఒప్పుకోవద్దు. పేరు మార్పుకు ఫారం 29, 30 పూర్తిచేసి, పాత ఫైనాన్స్ ఉంటే ఫారం 35తో దాన్ని కొట్టేయించి, ఆంధ్రా బండి అయితే అక్కడి ఆర్టీఏ ఎన్ఓసీ చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. చలాన్లు, పన్ను బకాయి ముందే చూసుకోండి. కొన్న 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టాలి, లేదంటే బండి డ్యామేజీ క్లెయిమ్‌లో చిక్కు వస్తుంది. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, ఆ తేడా కూడా మీరే కట్టాలి. ఓనర్ కమ్ డ్రైవర్‌కు ఉండే 15 లక్షల ప్రమాద బీమా కూడా ఆర్సీ మీ పేరు మీద ఉంటేనే. తెల్లవారుజామున బండి తోలేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

అమ్మగారికి, పిల్లలకు ఆరోగ్య బీమా గురించి మీరేం రాయలేదు. రేషన్ కార్డు ఉంటే రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద రూ.10 లక్షల దాకా వస్తుంది, కార్డులో అందరి పేర్లూ ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. మీ పేరు మీద ఒక టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) కూడా తీసుకోండి, బండి కంటే ముందు. ఇక ఆదివారం బయానా ఇవ్వకండి. ఎవరో వేరేవాళ్లు కొనేసుకుంటారని కన్సల్టెన్సీవాళ్లు భయపెడితే, కొనుక్కోనివ్వండి.