ప్యూరిటన్లకూ డీయిస్టులకూ దేవుడి విషయంలో తేడా ఏమిటి?

ప్యూరిటన్లంటే ఇంగ్లండ్ చర్చిని ఇంకా శుద్ధి చేయాలని పట్టుబట్టిన ప్రొటెస్టెంట్ క్రైస్తవులు. డీయిస్టులంటే దేవుణ్ణి బుద్ధితోనే తెలుసుకోవచ్చని నమ్మినవాళ్లు. ఇద్దరూ ఒక్క దేవుణ్ణే నమ్మారు, ఆయనే సృష్టికర్త అన్నారు. పోలిక దాదాపు అక్కడితో సరి.

1630 నుంచి అమెరికాలోని మసాచుసెట్స్‌కి పెద్ద సంఖ్యలో వలస వచ్చిన ప్యూరిటన్ల దేవుడు ప్రతి చిన్న విషయంలోనూ కలగజేసుకుంటాడు. పంట పోయినా, పిల్లవాడికి జబ్బు చేసినా అందులో ఆయన ఉద్దేశం ఏమిటా అని వెతికేవారు. మనిషి పుట్టుకతోనే పాపి, ఎవరిని రక్షించాలో దేవుడు ముందే నిర్ణయించేశాడు. మంచి పనులు చేసి ఆ రక్షణ సంపాదించుకోలేం. మరి నేను ఆ జాబితాలో ఉన్నానా? అసలు టెన్షన్ ఇదే. అందుకే చాలామంది డైరీలు రాసుకుంటూ తమ మనసును తామే తవ్వి చూసుకునేవారు. చర్చిలో పూర్తి సభ్యత్వం కావాలంటే దేవుడి కృప తమకెలా అనుభవమైందో వివరించాల్సి వచ్చేది.

18వ శతాబ్దపు డీయిస్టులు బైబిలు కన్నా బుద్ధిని, ప్రకృతిని నమ్మారు. జన్మపాపాన్ని ఒప్పుకోలేదు కాబట్టి క్రీస్తు బలితో విముక్తి అన్న మాటకీ చోటు లేకపోయింది. మంచిగా బతకడమే పూజ.

అయితే "లోకాన్ని గడియారంలా చేసి వదిలేసిన దేవుడు" అని డీయిస్టులందరికీ ఒకే ముద్ర వేయడం నాకు సరిగా అనిపించదు. బోస్టన్‌లో ప్యూరిటన్ ఇంట్లో పుట్టి, కుర్రతనంలోనే డీయిస్టు అయిన, అమెరికా దేశ స్థాపకుల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌నే చూడండి. 1790లో, చనిపోయే కొద్ది వారాల ముందు రాసిన ఉత్తరంలో దేవుడు లోకాన్ని పాలిస్తాడనే అన్నాడు. యేసు దైవత్వం మీద మాత్రం సందేహాలున్నాయట. త్వరలో నిజం ఎలాగూ తెలిసిపోతుంది, ఇప్పుడు దాని గురించి బుర్ర పాడుచేసుకోవడం ఎందుకు అనుకున్నాడు.