స్కిన్ బూస్టర్లకు చేతి సూదా, మల్టీ నీడిల్ గన్నా, మైక్రోనీడ్లింగ్ పెన్నా?

చర్మం మెరుపు కోసం లోపలికి ఎక్కించే మందుల్లో హయలురోనిక్ యాసిడ్ బూస్టర్లు, పాలీన్యూక్లియోటైడ్ (డీఎన్ఏ ముక్కలు), పీఆర్పీ (పేషెంటు రక్తం నుంచే తీసే ప్లేట్‌లెట్ల ద్రవం) మూడూ మీ క్లినిక్‌లో ఇవ్వాలనుకుంటున్నారు, ఒక్క మెషీన్ కొంటే మూడింటికీ సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. సరిపోదు. అసలు మెషీన్ సంగతి చివర్లో చూడాలి. ముందు తేల్చుకోవాల్సింది మందు ఏ లోతులో నిలవాలి, చోటికి ఎంత పడాలి అన్నవే. ఆ రెండూ మందు పెట్టెలోని కాగితంలోనే ఉంటాయి. సేల్స్‌వాళ్ల బ్రోచర్ కన్నా ముందు అది చదవండి.

సూది లేని పద్ధతులను త్వరగా పక్కన పెట్టేయొచ్చు. చర్మం అన్నిటికన్నా పైపొర స్ట్రాటమ్ కార్నియమ్ మందం 10 నుంచి 20 మైక్రాన్లే అయినా, 500 డాల్టన్లు (అణువు బరువుకు కొలమానం) దాటిన అణువును అది మామూలుగా లోపలికి రానివ్వదు. ఇంజెక్షన్‌లో వాడే హయలురోనిక్ యాసిడ్ బరువు లక్షల డాల్టన్లలో ఉంటుంది. సన్నటి కరెంటుతో మందును నెట్టే అయాంటోఫొరెసిస్ విద్యుదావేశం ఉన్న చిన్న అణువులకు పనికొస్తుంది. ఎలక్ట్రోపొరేషన్ కరెంటు పల్స్‌లతో కాసేపు దారులు తెరుస్తుంది కానీ ఎంత మందు దిగిందో లెక్క చెప్పలేం. సూది అంటే భయపడేవాళ్లకు ఫేషియల్ స్థాయి సేవగా ఇవ్వండి, ఇంజెక్షన్‌తో సమానమని మాత్రం అమ్మకండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు ఈ రెండూ వద్దు.

చేతి సూదితోనే మొదలుపెట్టమంటాను. 32 లేదా 33 గేజ్ (అంకె పెరిగేకొద్దీ సూది సన్నం), 4 మి.మీ. సూది, సూదిని తిప్పి బిగించే 1 మి.లీ. ల్యూయర్ లాక్ సిరంజి. లాక్ లేని సిరంజితో చిక్కటి మందు నొక్కితే సూది ఊడి మందంతా బుగ్గ మీద పడుతుంది. బెవెల్ (సూది మొన దగ్గర ఏటవాలుగా కోసిన ముఖం) పైకి ఉంచి 10-15 డిగ్రీల వాలులో, బెవెల్ మునిగేంత వరకే దింపాలి. చోటికి 0.02 నుంచి 0.05 మి.లీ., చోటుకీ చోటుకీ మధ్య సుమారు 1 సెం.మీ. సరైన పొరలో, అంటే పైపొర కింద ఉండే డెర్మిస్‌లో ఉంటే ప్లంజర్ బిగువుగా కదులుతుంది, చర్మం తెల్లబడి నారింజ తొక్కలా రంధ్రాలు తేలి చిన్న బుడిపె లేస్తుంది. ప్లంజర్ హాయిగా జారిపోతూ బుడిపె రాలేదంటే మీరు కొవ్వులో ఉన్నారు, మందు వృథా. 4 మి.మీ. సూదిని నిలువుగా మొత్తం దింపేవాళ్లకు జరిగేది ఇదే, ఎందుకంటే బుగ్గ దగ్గర కూడా డెర్మిస్ మందం సుమారు 1 నుంచి 2 మి.మీ. మాత్రమే. మరీ పైపైన పడితే బుడిపెలు రోజుల తరబడి పోవు. క్రాస్‌లింక్ చేసిన (అణువులను ఒకదానికొకటి ముడివేసిన) బూస్టర్ అయితే నీలి ఛాయ కూడా కనిపిస్తుంది.

సూది మొద్దుబారడాన్ని చాలామంది పట్టించుకోరు. పదును ఉన్నప్పుడు గుచ్చిన ఆనవాలు చేతికి తెలియదు. మొద్దుబారాక చర్మం ముందు లోపలికి కుంగి, తర్వాత టక్కున తెగుతుంది. ఆ టక్కు తగలగానే సూది మార్చండి. 30 పోట్లు దాటితే తగలకపోయినా మార్చండి. కమిలిన మచ్చల్లో ఎన్నో ఈ మొద్దు సూది పుణ్యమే.

ఇక గన్. వాక్యూమ్‌తో చర్మాన్ని పైకి లాగి, 5 లేదా 9 సూదులు ఒకేసారి దింపి, అమర్చిన మోతాదు వదులుతుంది. సమానమైన లోతు, వేగం దాని బలాలు. లెక్క వేసి చూడండి: షాట్‌కు 0.025 మి.లీ. అయితే 2 మి.లీ. మందు 80 షాట్లు, 5 సూదులతో 400 పోట్లు, పోటుకు 0.005 మి.లీ. పల్చటి, క్రాస్‌లింక్ లేని హయలురోనిక్ యాసిడ్‌కు ఇది చక్కగా నప్పుతుంది. అన్ని మందులకూ నప్పదు. ప్రొఫైలో అనే హయలురోనిక్ యాసిడ్ మందుకు తయారీదారు ఇచ్చిన పద్ధతి వేరు: ముఖానికి ఒక్కో వైపు 5 చోట్ల, చోటికి 0.2 మి.లీ., 29 గేజ్ సూదితో కాస్త లోతుగా. అది తనంతట తానే పాకుతుంది. దాన్ని గన్‌లో పోసి 400 చుక్కలుగా చల్లడంలో అర్థం లేదు.

గన్‌తో వచ్చే చిక్కు చదునుగా లేని చోట్ల. దవడ అంచు, ముక్కు పక్క, కణత దగ్గర 5 సూదుల్లో ఒకటి గాలిలో ఉండిపోతుంది. ద్రవం అడ్డు లేని దారే వెతుక్కుంటుంది కాబట్టి షాట్‌లో ఎక్కువ భాగం ఆ ఒక్క సూదిలోంచే బయటికి కారిపోతుంది, చర్మంలో ఉన్న నాలుగింటికి దాదాపు ఏమీ దక్కదు. ఆపరేటర్‌కు అది చెమ్మలా కనిపిస్తుంది, తుడిచేసి ముందుకు పోతాడు. అలాంటి చోట్ల గన్ పక్కన పెట్టి చేతి సూది తీసుకోవాలి. గడ్డం ఉన్నవాళ్లలో వాక్యూమ్ పట్టదు, ముందే గీయించండి. కళ్ల కింద ఆ లాగుడుకే కమిలిపోతుంది. ఇంకొకటి, చివర్లో సూదులు బిగించి ఉండే హబ్‌లో కొంత మందు మిగిలిపోతుంది. ఖరీదైన మందుకు ఆ నష్టం కూడా ధరలో కలుపుకోవాలి. సక్షన్ ట్యూబుకు ఫిల్టర్ ఉందో లేదో, అది పేషెంటుకొకటి మారుస్తారో లేదో అడగండి. రక్తం అందులోకే పోతుంది.

పాలీన్యూక్లియోటైడ్ చిక్కగా ఉంటుంది, పోసేటప్పుడు బాగా మండుతుంది. చేతితో నెమ్మదిగా ఇస్తేనే భరించగలరు. చాలావరకు చేప డీఎన్ఏ నుంచి తీస్తారు కాబట్టి చేప అలర్జీ సంగతి ముందే అడగాలి. దీనికి హయలురోనిడేజ్ ఎంజైమ్ విరుగుడు కాదు, అది హయలురోనిక్ యాసిడ్‌ను మాత్రమే కరిగిస్తుంది.

మైక్రోనీడ్లింగ్ పెన్‌ను మందు దింపే పరికరంగా లెక్కేయకండి. దాని పని గాయం చేసి కొలాజెన్‌ను పురిగొల్పడం. రంధ్రం పడగానే లోపలి ద్రవం, రక్తం బయటికి ఊరుతూ పైన రాసినదాన్ని నెట్టేస్తాయి. లోతు కళ్ల చుట్టూ 0.25-0.5 మి.మీ., బుగ్గలకు 0.5-1.0, మొటిమల గుంటలకు 1.5. వేగంగా అడ్డంగా లాగితే డయల్ మీది లోతు చర్మంలో రాదు సరికదా గీతలు పడతాయి. జారడానికి స్టెరైల్ హయలురోనిక్ జెల్ తప్ప మరేదీ వద్దు. ఇంట్లో రాసుకునే విటమిన్ సి సీరమ్‌ను పెన్‌తో దింపితే గ్రాన్యులోమాలు (చర్మంలో వాపు గడ్డలు) వచ్చిన కేసులు 2014లో జామా డెర్మటాలజీ అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి. కాస్మెటిక్ లేబుల్ ఉన్న ఎగ్జోసోమ్ (కణాలు విడుదల చేసే అతి చిన్న సంచులు) సీసాలకూ ఇదే మాట, ఎంత అందంగా ప్యాక్ చేసినా సూదితో లోపలికి పంపే సరుకు కాదు. కార్ట్రిడ్జ్‌లో వెనక్కి ద్రవం రాకుండా ఆపే పొర లేకపోతే హ్యాండ్‌పీస్ లోపలికి రక్తం చేరి తర్వాతి పేషెంటుకు అంటుతుంది. అమెరికాలోని న్యూ మెక్సికోలో పీఆర్పీ మైక్రోనీడ్లింగ్ చేసిన ఒక స్పాలో కస్టమర్లకు హెచ్ఐవీ సోకినట్టు అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2024లో నివేదించింది. పీఆర్పీ చేసేటప్పుడు ట్యూబు మీద పేరు రాయకుండా సెంట్రిఫ్యూజ్‌లో పెట్టొద్దు, ఒకేసారి ఇద్దరి రక్తం తిప్పొద్దు.

కాన్యులా (మొన మొద్దుగా ఉండే గొట్టం సూది), 25 లేదా 27 గేజ్, మెడకూ బుగ్గ పక్క భాగాలకూ మంచిది, తక్కువగా కములుతుంది. కానీ అది డెర్మిస్ కింద నడుస్తుంది, పైపొర మెరుపు దాంతో రాదు. ఫ్రాక్షనల్ లేజర్‌తో దారులు చేసి మందు పూయడం చామనఛాయ, నల్లటి చర్మాల మీద మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టాల్సిన పని కాదు, మంగు లాంటి మచ్చలు మిగులుతాయి.

నొప్పి తెలియకుండా రాసే మత్తు క్రీము 45-60 నిమిషాలు ఉంచాక పూర్తిగా తుడవాలి, తర్వాతే యాంటీసెప్టిక్. క్రీము స్టెరైల్ కాదు, మిగిలితే సూదితో పాటు లోపలికి పోతుంది. క్లోర్‌హెక్సిడిన్ కళ్ల దగ్గరికి రానివ్వకండి, కార్నియా దెబ్బతింటుంది. పెదాల దగ్గర హెర్పీస్ పుండ్లు తరచూ వచ్చేవాళ్లను, కెలాయిడ్లు (గాయం మానాక ఉబ్బి పెరిగే మచ్చలు), చీము మొటిమలు ఉన్నవాళ్లను, గర్భిణులను ముందే పక్కకు తీయండి. లాట్ నంబరు స్టిక్కర్ ప్రతి ఫైల్‌లో అతికించండి.

గన్ కొనక తప్పదనిపిస్తే డెమోలో రంగు కలిపిన సెలైన్ పోయించి బ్లాటింగ్ పేపర్ మీద 20 షాట్లు కొట్టించండి. ప్రతి షాట్‌లో 5 మచ్చలూ ఒకే పరిమాణంలో ఉండాలి. ఆ తర్వాత అదే సెలైన్‌తో వంపు ఉన్న సిలికాన్ ప్యాడ్ మీద కొట్టించి ఎంత బయటికి కారిందో చూడండి. నీడిల్ హబ్ ఒక్కొక్కటి ఎంతకు ఇస్తారో, వేరే కంపెనీ హబ్ పడుతుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.