మూడు నిమిషాల ఎక్స్‌పోజర్ వద్దండీ

బేరియం మేఘంతో చేసే కృత్రిమ తోకచుక్కను కెమెరాతో ఒకే మూడు నిమిషాల ఎక్స్‌పోజర్‌లో పట్టొచ్చా అని అడిగారు కదా. పట్టలేరు, అంతా అలుక్కుపోతుంది.

1984 డిసెంబర్ 27న జర్మన్ ఉపగ్రహం ఐఆర్ఎం భూమికి లక్ష కిలోమీటర్లకు పైన బేరియం వదిలింది. ఆ తోకచుక్క నిలిచింది కొన్ని నిమిషాలే. బేరియం పరమాణువులు మొదట ఆకుపచ్చగా మెరుస్తాయి. సూర్యుడి అతినీలలోహిత కాంతి తగిలి, అర నిమిషంలోనే చాలావరకు అయాన్లు, అంటే విద్యుదావేశమున్న కణాలు అవుతాయి. సౌరపవనం, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం, తోకగా లాగేది వాటినే.

అందుకే ఆ అయాన్లు మెరిసే 455 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతిని మాత్రమే లోపలికి రానిచ్చే ఫిల్టర్ పెట్టి, లెన్స్ అపెర్చర్ (కాంతి లోపలికి వెళ్లే రంధ్రం) పూర్తిగా తెరిచి, ఐదారు సెకన్ల ఫ్రేములు ఆపకుండా తీయండి. ఫోకస్ ముందే ఏదైనా నక్షత్రం మీద కుదిర్చి పెట్టుకోండి, అప్పటికప్పుడంటే టెన్షన్. ఇంకో మాట, తోకచుక్క తల చుట్టూ ఖాళీ బాగా వదలండి. 1984లో తల తోక వైపు పోకుండా మొదట పక్కకు జరిగి శాస్త్రవేత్తలనే ఆశ్చర్యపరిచింది!