దీర్ఘకాలిక వాపు క్యాన్సర్‌కు ఎలా దారి తీస్తుంది?

దెబ్బ తగిలిన చోట ఎర్రబడి వాచడం రక్షణలో భాగమే. అక్కడి కణాలు విడుదల చేసే రసాయన సంకేతాలను బట్టి తెల్ల రక్తకణాలు రక్తనాళం గోడకు అతుక్కుని, సందుల్లోంచి దూరి బయటికొస్తాయి. ముందు న్యూట్రోఫిల్స్ అనే రకం, తర్వాత క్రిములనూ చెత్తనూ మింగేసే మాక్రోఫేజ్‌లు. పనైపోయాక వాపు తగ్గాలి. తగ్గకపోతేనే ప్రమాదం.

హెలికోబాక్టర్ పైలోరీనే తీసుకోండి. ఈ బ్యాక్టీరియా జీర్ణాశయం పొరలో ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది. దాన్ని చంపడానికి చేరిన కణాలు వదిలే రసాయనాలు మన డీఎన్‌ఏనీ దెబ్బతీస్తాయి. పాడైన పొరను పూడ్చడానికి కణాలు మళ్లీ మళ్లీ విభజన చెందుతుంటే తప్పులు పేరుకుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే ఈ బ్యాక్టీరియాను క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. అయితే ఇది సోకిన వాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ రాదు, కాబట్టి రిపోర్టు చూసి టెన్షన్ పడకండి. కానీ డాక్టర్ రాసిన యాంటీబయాటిక్ కోర్సు మాత్రం మధ్యలో ఆపొద్దు, అది పూర్తి చేస్తే ముప్పు నిజంగా తగ్గుతుంది.

క్యాన్సర్ గడ్డ ఏర్పడ్డాక మాక్రోఫేజ్‌లలో కొన్ని దాని పక్షాన చేరి, కొత్త రక్తనాళాలు పెరగడానికి తోడ్పడతాయి. వాపు తెచ్చే ముప్పు క్యాన్సర్‌తోనే ఆగదు, గుండె ధమనుల్లో కొవ్వు పేరుకునే చోటా ఇవే కణాలుంటాయి. 2017లో వెలువడిన ఒక పెద్ద ట్రయల్‌లో కానకినుమాబ్ అనే మందు కొలెస్ట్రాల్ తగ్గించకుండా, వాపును మాత్రమే తగ్గించి గుండెపోట్లను కొంత తగ్గించగలిగింది.