వాళ్ల వాంగ్మూలాన్ని దిద్దకు

చిరంజీవి అనూరాధకు, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు యూనివర్సిటీలో డిప్యూటీ రిజిస్ట్రారు ఉద్యోగం వదిలి, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చి హైదరాబాదు బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యా కుటుంబాల తరఫున పనిచేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు నాకు గర్వమూ దిగులూ ఒక్కసారే కలిగాయి. రాజీనామా మాత్రం ఇవ్వకు, గత సర్వీసంతా పోతుంది. ఇరవై ఏళ్లు దాటాయి కనుక స్వచ్ఛంద పదవీ విరమణకే దరఖాస్తు పెట్టు.

మన దేశం 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి ఇచ్చే శరణార్థి కార్డు చేతిలో ఉన్నా చట్టం దృష్టిలో వాళ్లు విదేశీయులే. జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణం పౌరులు కానివారికీ వర్తిస్తుందని 1996లో చక్మా శరణార్థుల కేసులో చెప్పిన సుప్రీంకోర్టు, 2021లో రోహింగ్యాల విషయంలో అదే మాట ఒప్పుకుంటూనే వాళ్లను వెనక్కి పంపడాన్ని ఆపలేదు. రెండూ చదువుకో.

ఇక అసలు సంగతి. నేను ఢిల్లీలో అఫ్గాన్ శరణార్థులకు దరఖాస్తులు రాసిపెట్టే రోజుల్లో, పరీక్షల విభాగంలో జీవితమంతా గడిపిన ఒక పెద్దమనిషి మాతో ఉండేవారు. కాబూల్ దర్జీ ఒకడు, తన అన్నను అఫ్గాన్ క్యాలెండరు ప్రకారం 1392 దల్వ్ నెలలో చంపారని, వెంటనే తాను దేశం విడిచానని ఆయనకు చెప్పాడు. అప్పటి అఫ్గాన్ క్యాలెండరులో సంవత్సరాది మార్చి 21 ప్రాంతంలో వచ్చేది. 1392 మొదలైంది 2013 మార్చిలో, దల్వ్ పదకొండో నెల. అంటే అది 2014 జనవరి, ఫిబ్రవరి మధ్య కాలం. ఆ పెద్దమనిషి 1392కి 621 కలిపి 2013 ఫిబ్రవరి అని వేశారు. పాస్‌పోర్టు మీది ముద్ర 2014ది. మధ్యలో ఏడాది ఖాళీ తేలేసరికి, ఫైలులో ఖాళీని భరించలేని మనిషి కనుక, ఆ ఏడాది బంధువుల ఇంట తలదాచుకున్నట్టు తానే పూరించేశారు. ఇంటర్వ్యూలో దర్జీ జరిగింది జరిగినట్టే చెప్పాడు. రాతకూ మాటకూ పొంతన కుదరక, నమ్మదగినవాడు కాడని అధికారులు అతని దరఖాస్తును తిరస్కరించారు. అప్పీలులో క్యాలెండరు లెక్క విప్పి చూపేదాకా, నిజం చెప్పినవాడే అబద్ధాలకోరుగా మిగిలాడు.

నీ విషయంలో నా భయం ఇదే. చిన్నప్పుడు నా బీరువాలోని పుస్తకాలన్నీ ఎత్తు ప్రకారం సర్దేసి నన్ను నానా తిప్పలు పెట్టిన పిల్లవు. తిట్టబోయి, నీ ముఖం చూసి ఊరుకున్నాను. ఆ గుణమే యూనివర్సిటీలో నీకు పేరు తెచ్చింది, ఇక్కడ మాత్రం దాన్ని అదుపులో పెట్టుకోవాలి. "వరి కోతలప్పుడు" అని వాళ్లంటే అలాగే రాయి, తేదీ వేయకు. రాసింది వాళ్ల భాషలో చదివి వినిపించి, ఔనన్నాకే సంతకం చేయించు. ఆ ఇంటి మగవాళ్లను దుబాసీలుగా పెట్టకు. భర్త ఎదుట ఏ ఆడది ఏం చెప్పగలదు? వేరే దేశంలో ఆశ్రయం ఇప్పించి పంపిస్తామని ఎవరికీ మాట ఇవ్వకు.

మొదటి వాంగ్మూలం రాశాక, పేర్లు తీసేసి నాకు పంపు. నా కళ్లు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.

పెదనాన్న